గట్టు దాటిన పిల్ల

"మళ్ళీ చెట్టెక్కాడమ్మా మహానుభావుడు!"

తెరెంగా పడవను నీళ్ళలోకి తోస్తూ తల పైకెత్తి చూసి గొణుక్కుంది.

తెలతెలవారుతోంది. పగడపు గట్టు లోపలి మడుగు నీళ్ళు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కొబ్బరిచెట్టు కొసన కైతారా పాడుతున్నాడు. ఆ పాట నీళ్ళ మీద మెల్లగా పరుచుకుంటోంది.

మా దీవుల్లో కల్లు గీసేవాళ్ళందరూ చెట్టు మీద పాడతారు. ముంత మార్చి, ఓ పాట పాడి దిగిపోతారు. కైతారా మాత్రం ఓ పట్టాన దిగడు. కిందటేడు తరావా దీవి నుంచి వచ్చిన ఓడలో ఒంటరిగా దిగిన మనిషి. ఎంత తవ్వి అడిగినా ఊళ్ళో ఎవరికీ చుట్టం కాలేదు.

"ఎటు పిల్లా ఇవాళ?" పైనుంచి కేకేశాడు.

"నీకెందుకు ముసలయ్యా? చేపలకి ముందే కబురంపుతావా?"

"ఎప్పటికొస్తావు?"

"వచ్చినప్పుడొస్తా."

కైతారా పకపకా నవ్వాడు. "పో తల్లీ, సముద్రం నీదే. వచ్చానని చెప్పే పని కూడా నీదే మరి. ఆకు కట్టావా?"

"కట్టా కట్టా! మెళ్ళో కూడా కట్టుకోమంటావా?"

పగడపు గట్టు దాటి వెళ్ళేవాళ్ళెవరైనా రేవులో గుంజకి కొబ్బరాకు ముడేసి వెళ్ళాలి. తిరిగొచ్చి విప్పాలి. ఆకు ఉందంటే మనిషి ఇంకా నీళ్ళ మీద ఉన్నట్టే.

ఆ గుంజకి ఆకు కట్టిన ఆడపిల్ల ఊరు పుట్టాక తెరెంగాయే మొదలు. ఆ హక్కు ఊరికే రాలేదు. తెరెంగా తిండి మానేసింది, పెంచిన పెదనాన్న ఇయోతెబాతో మాటలు మానేసింది.

"మగపిల్లల్ని మింగని సముద్రం నన్నొక్కదాన్నే మింగుతుందా?" అని నిలదీసింది.

చివరికి ఇయోతెబా ఆ సంగతి పెద్దల చావడిలో పెట్టాడు. చావడిలో మాట బయటికి రాకూడదు. ఆయన ఇంటికొచ్చి, "వెళ్ళమన్నారు" అని ఒక్క మాట అని, వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"చూశారా, నా నోటికి జడిసి ఒప్పుకున్నారు!" అని తెరెంగా ఊరంతా చెప్పుకుంది.

గట్టులోని గండి దాటగానే తెరచాప గాలి నింపుకుంది. దీవి సన్నబడి, గీతైపోయి, లేకుండా పోయింది. అప్పుడిక పిలిచేవాళ్ళు లేరు, కసిరేవాళ్ళు లేరు. పడవ తనంతట తనే పోతున్నట్టూ, తను నిద్రలో ఉన్నట్టూ ఉంది. ఎంత హాయి! కైతారా పాట వినబడకుండా పోయిన సంగతి కూడా ఆ పిల్లకి తెలియలేదు.

సాయంత్రం తిరిగొస్తుంటే ఉత్తరాన మరో గండి కనిపించింది. అక్కడి ఊళ్ళోనే స్నేహితురాలు రుతియా ఉంటుంది. ఆ ఊళ్ళో పెళ్ళి. ఒడ్డున డప్పుల చప్పుడు.

పడవ అటు తిప్పింది.

"మా అన్న సైకిల్ మీద మీ ఊరే వెళ్తున్నాడే. ఇక్కడున్నావని చెప్పిరమ్మందామా?" అంది రుతియా.

"ఎందుకే? నేనేమన్నా పాలు తాగే పిల్లనా? పొద్దున్నే పోతాగా!"

పూలదండ తలకి చుట్టుకుని ఆడింది. కాల్చిన చేప తింది. చాప మీద ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

మర్నాడు పొద్దెక్కాక, ఆ దండ తలమీదే ఉంచుకుని, మడుగు లోపలి నుంచి పడవ నడుపుకుంటూ రేవుకొచ్చింది.

రేవు నిండా జనం. ఇసుకలో ఒక చిన్న పడవ బోర్లా పడి ఉంది. ఒరిగిపోకుండా దాని పక్కన కట్టే బొంగు విరిగిపోయింది.

"ఎవరిది పెదనాన్నా?"

ఇయోతెబా ఆ పిల్లని కాళ్ళ దగ్గర్నుంచి తలమీద పూలదాకా చూశాడు. కొట్టలేదు. తిట్టనూ లేదు.

"కైతారాది. నిన్న పొద్దుగూకేదాకా చెట్టు మీదే ఉన్నాడు. నీ తెరచాప కనబళ్ళేదు. ఆకు విప్పలేదు. ఆగమన్నాం, చీకటి పడుతోందన్నాం. వింటేనా? పడవేసుకుని నీకోసం పోయాడు. గట్టు మీద అల ఎత్తి కొట్టింది. పడవ దొరికింది. మనిషి దొరకలేదు."

తెరెంగా ఇసుకలో కూలబడింది.

"నన్ను వెతకమని ఆయనకెవరు చెప్పారు? నేనాయనకి ఏమవుతానని?" అని ఏడ్చింది. "రోజూ నామీద కాపలా కాస్తున్నాడని తిట్టుకున్నానే తప్ప, ఒక్కనాడు మంచిగా జవాబు చెప్పలేదే! ఎందుకు వెళ్ళాడు పెదనాన్నా?"

ఇయోతెబా వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు.

"చావడి మాట బయట చెప్పకూడదు. అయినా చెప్తా విను. ఆ రోజు ఎవరూ నీ నోటికి జడవలేదు. పిల్ల గట్టు దాటితే పూచీ ఎవరని అడిగారు. పూచీపడే మనిషి లేకపోతే కుదరదన్నారు. మనవాళ్ళెవరూ నోరు విప్పలేదు."

"నువ్వు?"

"నేనూ తల దించుకున్నా."

"మరి ఎలా ఒప్పుకున్నారు?"

"పరాయివాళ్ళు కూర్చునే చోటునుంచి కైతారా లేచాడు. 'ఆ పిల్లని వెళ్ళనివ్వండి, రాకపోతే వెతికి తెచ్చే పూచీ నాది' అన్నాడు."