బర్రె పిన్ని వీపు

పొదలకీ చెరువుకీ మధ్య ఒకప్పుడు చక్కని పచ్చిక ఉండేది. నీళ్లకెళ్లే జంతువులు ఒక్కోటీ ఒక్కో దారి తొక్కేసరికి గడ్డి పోయి దుమ్ము మిగిలింది. మేత లేక డొక్కలెండిన బర్రె, "ఇవాళ నీళ్లు తాగి వలస పోతానర్రా" అంది.

రోజూ నత్త ఆ బర్రె వీపు మీదే చెరువు చేరేది. "పోవద్దు పిన్నీ! అందరూ నీ వీపెక్కితే, తొక్కని దారుల్లో గడ్డి మొలుస్తుంది" అంది.

ముంగిస పకపకా నవ్వింది. "నత్తతో కలిసి ఊరేగాలా? నాకేం, కాళ్లు లేవా?" అంటూ తన దారిన పరుగెత్తింది. కుందేలూ ముళ్లపందీ కూడా తమ దారులు పట్టాయి. దారులన్నీ కలిసే చోట మూడూ ఢీకొన్నాయి. "తప్పుకో" అంటే "నువ్వే తప్పుకో" అని దుమ్ములో అరుచుకుంటుండగానే బర్రె నింపాదిగా వెళ్లి చెరువులో దిగింది.

"నా దాహం తీరింది ముంగిస బావా! మీ తగువు తీరిందా?" అని వీపు మీంచి నత్త కేకేసింది.

మర్నాడు మూడూ బర్రె వీపెక్కుతామని సిగ్గుపడుతూ వచ్చాయి. "సరే, మొదటి వానదాకా ఆగి చూస్తాను. ముళ్లపందీ, నువ్వు మాత్రం తోక దగ్గర కూర్చో" అంది బర్రె.

వాన పడింది. విడిచిన దారులన్నీ పచ్చబడ్డాయి. మూడూ ఢీకొన్న చోట ఇప్పుడు సాయంత్రాలు వాటి పిల్లలన్నీ దొర్లి ఆడుకుంటున్నాయి.

అక్కడ కడుపారా మేస్తున్న బర్రెను చూసి ముంగిస, "ఏం తింటున్నావు పిన్నీ?" అంది.

"నీ దారినేరా!" అంది బర్రె.

వీపు మీద నత్త కొమ్ములు రెండూ ఎత్తి నవ్వింది.