ఒరిజినల్స్

"అబద్ధం నాతోని కాదు సార్," అంది అంకిత ఫోనులో.

"అబద్ధమేముందమ్మా? పనిచేసేది మందుల కంపెనీలోనే కదా. ప్రాసెస్ ఇంజినీర్‌నని చెప్పు, చాలు." అవతల సూర్యప్రకాశరావు, ఆమె చదివిన ఇంజినీరింగ్ కాలేజీలో కెమికల్ బ్రాంచి హెడ్. "కమిటీవాళ్లు ఈసారి ఆన్‌లైన్‌లోనే తనిఖీ చేస్తున్నారు. ఉద్యోగాలొచ్చిన పాత విద్యార్థులు కనబడకపోతే బ్రాంచికి గుర్తింపు రాదు."

"మరి నా ఒరిజినల్స్ సార్?"

"మాట్లాడు. సాయంత్రం వచ్చి తీసుకుపో."

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఆమె సర్టిఫికెట్లన్నీ కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. సోమవారం వేరే కంపెనీలో ఇంటర్వ్యూ. ఒరిజినల్స్ లేకుండా రావద్దన్నారు.

అంకిత అలసటగా గోడకు ఆనుకుంది. గడ్డపోతారంలోని ఆ కంపెనీలో ఆమె పని డ్రమ్ములకు లేబుళ్లు అంటించడం. పొద్దుటినుంచీ నిలబడే ఉంది.

పక్కన పనిచేసే అమ్మాయి సుమయ్య ల్యాబ్ నుంచి తెల్లకోటు అడిగి తెచ్చింది. "ఏసుకో. ఆ జిగురు చేతులు మాత్రం కెమెరాకు సూపకు, ఇంజినీర్ సాబ్!"

ఫోను తెరమీద కమిటీ తరఫున ఒక ముసలాయన కనిపించాడు. ఆయనా అలసిపోయే ఉన్నాడు.

"ఏం చేస్తున్నారమ్మా?" ఇంగ్లిషులో అడిగాడు.

"ప్రాసెస్ ఇంజినీర్‌ని సార్."

"కాలేజీలో చదివింది పనికొస్తోందా?"

అంకిత ఎదురుగా ఉన్న డ్రమ్మును చూసింది. "చాలా, సార్."

ఆయన ఆవులింత ఆపుకుని, తర్వాతివాళ్లను పిలవమన్నాడు.

షిఫ్టు దిగి కాలేజీకి పోయే ఆటో కోసం నిలబడ్డప్పుడు ఫోను మోగింది. నాన్న నర్సింహులు.

"బిడ్డా, ఇయ్యాల నిన్ను టీవీల చూసిన!" ఆయన గొంతు నిండా సంబరం. "ఇంటర్ అయిన చెల్లెను ఏడ జేర్పియ్యాల్నో అడుగుదమని మీ కాలేజీకే పోయిన. ఆఫీసుల పెద్ద టీవీల నువ్వే! తెల్లకోటు ఏసుకొని ఇంగ్లీషుల మాట్లాడుతున్నవ్. నువ్వేమన్నవో మీ సారు తెలుగుల చెప్పిండు. ఇంజినీర్‌వైనవని ఇంట్ల చెప్పనే లేదేంది?"

"బాపూ, గది కాదు... జెర ఆగు. చెల్లెను అండ్ల..."

"ఇగ ఆగుడేంది బిడ్డా? నీ బ్రాంచిలనే జేర్పిచ్చిన. దాని ఒరిజినల్స్ గూడ మీ సారు చేతులనే పెట్టొచ్చిన."