ఇంటి ఓనరు వేషం

“ఒక్క మాట మాట్లాడండి పెద్దాయనా, మీకు పుణ్యముంటుంది!” అని బతిమాలుతోంది పంతులమ్మ.

ప్యాకింగ్‌లో పనిచేసే పెద్దాయన నోరు విప్పలేదు. షిఫ్టు దిగొచ్చిన మిగతావాళ్ళు బిస్కెట్ల కంపెనీ క్యాంటీన్ బెంచీల మీద కునికిపాట్లు పడుతున్నారు. సొంత దేశం వదిలి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు వీళ్ళు. వీళ్ళకు ఇక్కడి భాష నేర్పమని మున్సిపాలిటీ వాళ్ళు పంతులమ్మను పంపారు. పగలంతా బడిలో అరిచి అరిచి వచ్చే ఆవిడకు సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోతుంది.

ఇవాళ పరీక్ష. మేనేజరు ఎదురుగా కూర్చున్నాడు. మాట్లాడినవాళ్ళ ఉద్యోగం ఖాయం, మాట్లాడలేనివాళ్ళను రేపట్నుంచి రావద్దంటారు. పెద్దాయన పెళ్ళాం పిల్లలు ఇంకా శరణార్థుల శిబిరంలోనే ఉన్నారు. ఈ పనీ పోతే వాళ్ళ గతి ఏం కాను?

“అద్దె ఇంటి పాఠమే కదా! మీరు ఇల్లు కావాలని అడగాలి, అంతే.”

పెద్దాయన తల వంచుకున్నాడు. మేనేజరు ఆవులించాడు. పంతులమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

“పోనీ, మీరే ఇంటి ఓనరు. ఈ పిండి కలిపే అమ్మాయి వచ్చి అడుగుతుంది. సరేనా?”

అమ్మాయి వచ్చి అడిగింది. పెద్దాయన నిటారుగా నిలబడి, తలుపుకు అడ్డం పెట్టినట్టు చెయ్యి చాచాడు.

“ఎంతమందమ్మా మీరు? అబ్బే, అంతమందంటే కష్టం. అసలు మీదే దేశం? ఓహో... మాకేం పట్టింపుల్లేవనుకోండి, పక్కింటివాళ్ళే ఒప్పుకోరు. అయినా నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు. బోర్డు తీయడం మర్చిపోయాం. ఏదైనా ఖాళీ అయితే మేమే ఫోన్ చేస్తాంలెండి.”

ఎక్కడా తడబాటు లేదు. యాస కూడా అచ్చం ఇక్కడిదే.

“వాళ్ళ దేశంలో మేడలు అద్దెకిచ్చిన మనిషిలా ఉన్నాడే!” అని మేనేజరు పడీ పడీ నవ్వి, ఉద్యోగం ఖాయమన్నాడు. బెంచీల మీద మాత్రం ఎవరూ నవ్వలేదు. పాపం, అలసట కాబోలు అనుకుంది పంతులమ్మ.

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ తాను చెప్పిన పాఠంలో ఈ మాటలు ఒక్కటీ లేవే!

“ఇంత చక్కగా ఎక్కడ నేర్చుకున్నారండీ?”

పెద్దాయన చెయ్యి దించి, మాటలు కూడదీసుకున్నాడు.

“ఇల్లు అడిగిన ప్రతి గుమ్మంలోనూ అమ్మా.”