కింది బందు

“ఎవరూ కాలు కదపకండి” అన్నాడు మేస్త్రి. “కింది బందు పడిపోయింది.”

గదిలో ఉన్నది ముగ్గురే. కిటికీ పక్క మంచం మీద అతని తల్లి, బల్ల ముందు స్టూలు మీద అతను, అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ భార్య. మంచం మీదే ఉన్నా తల్లి రెండు కాళ్ళూ పైకి లాక్కుంది. భార్య చేతిసంచీ భుజం నుంచి తీయకుండానే మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టింది.

మేస్త్రి చేసేది నమూనా ఇళ్ళు. అసలు ఇంటిని ఇరవై నాలుగో వంతుకు కుదించి, తలుపులూ కిటికీలూ నిజంగానే తెరుచుకునేలా చేస్తాడు. వీధిలో వాళ్ళు పిట్టగూళ్ళ మేస్త్రి అంటారు. అతని గర్వమంతా తలుపును చట్రానికి పట్టి తిప్పే మడత బందుల్లో ఉంది. బియ్యపుగింజ కంటే చిన్న ఇత్తడి బందు, దానికి ఐదు కణుపులు, వాటి మధ్యనుంచి వెంట్రుకంత సూది. ఊరు మొత్తం మీద ఇది చేయగలవాణ్ణి నేనొక్కణ్ణే అని ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు. ఇది కావలసినవాళ్ళు కూడా ఊళ్ళో ఎవరూ లేరన్న సంగతి మాత్రం చెప్పడు.

ఇన్నాళ్ళకు ఒకరికి కావలసి వచ్చింది. ప్రదర్శనశాల వాళ్ళు ఓ పాత భవంతికి నమూనా చేయించాలనుకుంటున్నారు. నలభై రెండు తలుపులు. మచ్చుకు ఒక్క తలుపు చూసి, నచ్చితే పని ఇస్తామన్నారు. రెండు వారాల కిందట వాళ్ళు ఫోన్ చేస్తే, తలుపు సిద్ధమైపోయిందని గొప్పగా చెప్పేశాడు. ప్రదర్శనశాల అధికారిణి ఇంకో పది నిమిషాల్లో వస్తోంది. తలుపు చూస్తే ఒంటి బందు మీద వేలాడుతోంది. ఈ పని దక్కకపోతే బల్ల ఎత్తేసి బావమరిది ఇనపసామాన్ల కొట్లో కూర్చోవడమే. అక్కడా బందులే ఉంటాయి, కానీ అరిచెయ్యంతవి. వాటిని డజన్ల లెక్కన పొట్లం కట్టే తన మొహాన్ని తలుచుకుంటే అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“ఎటు పడింది?” అంది భార్య.

మేస్త్రి బీరువా వైపు చూపించాడు. కాసేపాగి కిటికీ వైపు కూడా చూపించాడు. చేయి వణికి పట్టకారు జారిందని, ఎటు ఎగిరిందో తెలియలేదని అన్నాడు.

“చిన్నప్పుడూ ఇంతే” అంది తల్లి. “లెక్కల పుస్తకం వారానికోసారి పారేసేవాడు.”

చేతులు వణకడం మొదలై ఆర్నెల్లయింది. మొదట ఫ్యాను గాలి అన్నాడు. ఫ్యాను ఆపాక కాఫీ వల్ల అన్నాడు. కాఫీ మానేశాక ఇంక అనడానికేమీ మిగల్లేదు. భార్య గడియారాల దుకాణంలో రిపేర్లు చేసే మనిషి, పనెక్కువై ఈమధ్య రోజూ ఆలస్యంగా వస్తోంది. “నువ్వు ఊడినవి బిగిస్తావు, నేను లేనివి పుట్టిస్తాను” అని మేస్త్రి ఆమెను ఏడిపిస్తుంటాడు. అలా పుట్టించే బ్రహ్మగారికి స్నానాలగది తలుపు కిర్రుమంటున్నది వినపడదా అని ఆమె అడుగుతుంది. ఇప్పుడా మనిషి చూపుడువేలికి ప్లాస్టరుతో, రోజంతా కూర్చుని పట్టేసిన నడుంతో నేల మీద పాకుతుంటే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

అధికారిణి చెప్పిన వేళకే వచ్చింది. సంగతి విని, కళ్ళజోడు సవరించుకుని, వద్దంటున్నా వినకుండా తనూ కిందికి వంగింది. మేస్త్రి సిగ్గుతో చితికిపోయాడు. ఒక్క అబద్ధపు గొప్పకు ఇంతమందిని నేల మీద పాకించాడు. ఇక చాలనుకున్నాడు.

“మేడమ్, మీరు లేవండి” అన్నాడు. “అసలు విషయం ఏమిటంటే...”

“దొరికింది” అంది భార్య, బీరువా పక్కనుంచి.

అరిచేతిలో తెచ్చి అతని ముందు పెట్టింది. మేస్త్రి భూతద్దం కింద చూశాడు. ఐదు కణుపులు, సందు లేని సూది, చక్కగా నున్నబడ్డ అంచులు. పై బందుకు సరిజోడు. పక్షపాతం లేకుండా చెప్పాలంటే దానికంటే ఒక పాలు మిన్న. అతను చాలాసేపు భూతద్దం మీంచి కళ్ళు తీయలేకపోయాడు.

“దెబ్బ తిందా?” అంది అధికారిణి.

“లేదండీ. చాలా బాగుంది.”

మీ చేతులకు నూనె అంటిందంటూ భార్యే తన సంచీలోంచి పట్టకారు తీసి బందు బిగించింది. అధికారిణి గోటితో తలుపు నెట్టింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది, చప్పుడు లేకుండా మూసుకుంది. ఆవిడ నాలుగైదుసార్లు నెట్టి చూసుకుని, ఇదొక్కటి చేయడానికి ఎన్నాళ్ళు పట్టిందని అడిగింది. మేస్త్రి భార్య వైపు చూశాడు.

“రెండు వారాలు” అంది భార్య.

పని మీకేనని చెప్పి అధికారిణి వెళ్ళిపోయింది. తల్లి కాళ్ళు కిందికి దించింది. భార్య చీర కుచ్చెళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుంటూ, రేపు బల్ల దగ్గర ఇంకో స్టూలు వేయమంది.

“ఎందుకు?”

“ఇంకా నలభై ఒక్క తలుపులున్నాయిగా. పడ్డవి వెతకడానికి పక్కన మనిషి ఉండొద్దూ?”

అతను తలూపాడు. కళ్ళు తుడుచుకుందామంటే చేయి వణికింది.

“ఈసారన్నా గట్టిగా పట్టుకోరా, జారిపోకుండా” అంది తల్లి.

అలాగేనన్నాడు.

అతను అసలు కింది బందు చేయనేలేదు.