చేపల గచ్చు

అక్షరాలు నా చేతికి ముసలితనంలో చిక్కాయి. వత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దుకుని చదవండి. కథ నడక నెమ్మదైతే కాస్త ఓర్చుకోండి.

“పోసెయ్ తమ్ముడూ, ఇంకా చూస్తావేం?” అంది ఇస్త్రీ అక్క.

పక్కింటి దర్జీ సిమెంటు కలిపిన బకెట్టు రెండు చేతులా పట్టుకుని ముందుగది గుమ్మంలో నిలబడిపోయాడు. ఎదురుగా నేలంతా చేపలు. నీలం, తెలుపు, పసుపు పలకల ముక్కలతో అతికిన చేపలు, గుమ్మం దగ్గర్నుంచి లోపలి గోడ దాకా ఈదుతున్నట్టే ఉన్నాయి. ఆమె భర్త తాపీమేస్త్రి. ఉన్నవాళ్ళ ఇళ్ళలో నేలకి పలకలు పరిచి, పగిలి మిగిలిన ముక్కలు వాళ్ళనడిగి సంచిలో తెచ్చుకునేవాడు. పని లేని రోజున మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చేపా అతికేవాడు. మూలనున్న ఆఖరి చేపకి కన్ను పెట్టకుండానే పోయాడు.

“బావ కష్టమంతా ఇక్కడే ఉంది కదక్కా...”

“మీ బావ ఉంటే ఆయనే పోసేవాడు. ఇల్లుంటే కదా చేపలు!”

కిందటేడు వీధి చివరి పాత ఇంటిని ఎవరో డబ్బున్నవాళ్ళు కొన్నారు. ఎంతకి కొన్నారోగానీ, ఆ దెబ్బకి వీధిలో ప్రతి ఇంటికీ విలువ పెరిగిందని ఇంటిపన్ను రెట్టింపు చేశారు. ఆమె ఇంటికి గది పెరగలేదు, గోడ పెరగలేదు. పైకప్పు కారడం మాత్రం పెరిగింది. వరండాలో రోజంతా ఇస్త్రీపెట్టె తోసి సంపాదించిందంతా ఆ పన్ను కిందికే పోయింది. ఇంకోసారి పెంచితే ఇల్లు అమ్ముకోవడం తప్ప దారి లేదు.

అప్పట్నుంచి వీధికి కొత్త అలవాటొచ్చింది. ఎవరిల్లు వాళ్ళే పాడుపెట్టుకుంటున్నారు. పాలాయన కొత్త గేటు ఊడదీసి మంచం కింద దాచాడు. పంతులమ్మ పూలకుండీలన్నీ పెరట్లోకి మార్చి ముందంతా చిత్తుసామాను పేర్చింది. గోడకి సున్నం వేసిన పాపాన ఎవరూ పోలేదు. మళ్ళీ కొలతలకి వస్తున్నారన్న కబురు టీ కొట్టు దగ్గర విని దర్జీయే పరుగున వచ్చి చెప్పాడు.

“నిజంగానే విన్నావా?” అనడిగింది అక్క మరోసారి.

“టేపులు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారక్కా. పక్క వీధి అయిపోయిందట. విలువ కట్టి రాసుకుంటున్నారట.”

“అయితే పన్నువాళ్ళే. మన విలువ ఇంకెవడికి కావాలి!”

దర్జీ కళ్ళు మూసుకుని బకెట్టు వంచాడు. సిమెంటు జారుకుంటూ ముందు తోకల్ని, తర్వాత పొట్టల్ని మింగింది. మూలకి చేరేసరికి ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక ముఖం కడుక్కున్న తడి ఉంది.

“బాగుంది,” అంది. “గొడ్లపాకలా ఉంది.”

దర్జీ నవ్వబోయి మానుకున్నాడు.

సిమెంటు ఆరేసరికి అధికారి వచ్చాడు. చిన్నవాడు, నెమ్మదస్తుడు.

“మేం వస్తామని తెలుసు కదమ్మా?”

“వీధి వీధంతా తెలుసు బాబూ. కొలుచుకో.”

అతను టేపు లాగాడు. గోడ గోడకీ ఆగి రాసుకున్నాడు.

“నేల?”

“ఉత్త సిమెంటు.”

“పైకప్పు?”

“కారుతుంది. ఇలా రా, మరకలు చూపిస్తా.”

“తలుపులు టేకులా ఉన్నాయే!”

“టేకా, నా మొహమా! పైన రంగు బాబూ, లోపలంతా చెదే.”

దర్జీ వరండాలోంచి అందుకున్నాడు. “గట్టిగా గాలొస్తే ఈ ఇల్లు మా నెత్తిన ఎక్కడ పడుతుందోనని మా ఆవిడకి కంటి మీద కునుకుండదు సార్.”

అధికారి కలం ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“చిత్రంగా ఉందే. పక్క వీధిలో ఒకాయన పాత కిటికీలకి వార్నిష్ కొట్టించి, కొత్తవి అంటూ చూపించాడు.”

“పిచ్చిమాలోకం,” అంది ఆమె జాలిగా.

“చూడండమ్మా, చెప్పుకోదగ్గది ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత మార్చడం నా చేతిలో ఉండదు.”

ఆమె చూపు మూలకి పోయింది. అక్కడ సిమెంటు పలచగా పడి, కన్నులేని చేప రెక్క ఒకటి నీలంగా తొంగిచూస్తోంది. రెండడుగులు వేసి దాని మీద కాలు పెట్టి నిలబడింది. పలక ఇంకా చల్లగానే ఉంది.

“ఏమీ లేదు బాబూ.”

అతను లెక్కలు వేసి విలువ చదివి వినిపించాడు. పాలాయన పశువుల కొట్టానికి కూడా అంత తక్కువ కట్టరు. దర్జీ ముఖం విప్పారింది.

“చాలా తక్కువమ్మా. మీకు సమ్మతమేనా?”

“తక్కువే చాలు నాయనా. నీ కడుపు చల్లగా.”

అతను చాపిన కాగితం మీద వేలిముద్ర గట్టిగా, మెటిక విరిగేలా నొక్కింది. కిందటేటి నుంచీ గుండెల మీదున్న బండ దిగినట్టయింది. దర్జీ చెవి దగ్గర గొంతు తగ్గించి, “చేపలకేం కాదులే తమ్ముడూ. నేను పోయాక ఎవరైనా గీకితే మళ్ళీ బయటపడతాయి,” అంది.

అధికారికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

“ఇంతకీ ఈ ఏడు పన్నెంత పడుతుంది బాబూ?”

అతను గ్లాసు పెదవుల దగ్గరే ఆపేశాడు.

“పన్నేమిటమ్మా, కొత్త రోడ్డుకి పడగొట్టే మీ ఇంటికి మేమిచ్చే ఖరీదు ఇది.”