మూడో నంబరు కుండ

“మాంసం హలాలేనా మామయ్యా?” రుగయా మెల్లగా అడిగింది.

స్టోఫెల్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు పొట్లం పైకెత్తి దాని మీది ముద్ర చూపించాడు.

“ఈ మాంసం కోసం వూస్టర్ పట్నం దాకా పోయొచ్చాను తల్లీ. నలభై కిలోమీటర్లు! మీ నానమ్మకి మాటిచ్చానా లేదా?”

రుగయా నవ్వింది. పదమూడేళ్ల పిల్ల. మూడేళ్లుగా ఊరి పిల్లలంతా స్టోఫెల్ వెంట బ్రీడ నది ఒడ్డున శిబిరానికి పోతుంటే, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. “ఎవరి కుండలో ఏం ఉడుకుతుందో ఎవరికి తెలుసు!” అని నానమ్మ గదీజా పంపేది కాదు. ఈసారి స్టోఫెల్ స్వయంగా వాళ్లింటికి వెళ్లాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, “తిండి పూచీ నాది పెద్దమ్మా” అన్నాడు. గదీజా అతని ముఖంలోకి చాలాసేపు చూసి, “నీ మాట మీద పంపుతున్నా” అంది.

ఆ మాట నిలబెట్టుకున్నందుకు స్టోఫెల్ లోలోపల కాస్త పొంగిపోయాడు కూడా.

మూడు కాళ్ల ఇనప కుండని నిప్పుల మీద నిలబెట్టారు. ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉండే మూడో నంబరు సైజు కుండే. పదిమందికి సరిపోతుంది. బండిలోంచి దాన్ని రుగయా ఒక్కతే ఆయాసపడుతూ మోసుకొచ్చింది. సాయం పడతామన్నా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మొదటిసారి వచ్చింది కదా, ఉత్సాహం అనుకున్నాడు స్టోఫెల్.

అడుగున మాంసం, దాని మీద ఉల్లిపాయలు, ఆపైన బంగాళాదుంపలు, అన్నిటికన్నా పైన పిల్లలు మడుగులో దిగి కోసుకొచ్చిన, అక్కడ కూరల్లో వేసుకునే నీటిపూల మొగ్గలు. మూత పడింది. ఇక మూడు గంటల పాటు కలపకూడదు, మూత తియ్యకూడదు. తీసినవాడు అందరి పళ్లేలూ తోమాలి. అది అక్కడి చట్టం.

“మామయ్యా, కుండ భలే నిగనిగలాడుతోందే! ఏం రాశారు?” అన్నాడు రూబెన్. ఆ గుంపులో వాడికే నోరెక్కువ.

“నూనె రాస్తారు, ఇంకేం రాస్తారు? నువ్వెళ్లి కట్టెలు తే!” రుగయా గయ్యిమంది.

స్టోఫెల్ ఏదో చెప్పబోయి, తెరిచిన నోరు అలాగే ఉంచేశాడు.

నూనె కాదు. వానలకి షెడ్డులో పడి కుండ తుప్పు పట్టింది. పోయిన శనివారం పెరట్లో కూర్చుని దాన్ని రుద్ది రుద్ది తోమాడు. పొరుగాయన ఇచ్చిన పంది కొవ్వు రాశాడు, కాల్చాడు, మళ్లీ రాశాడు, మళ్లీ కాల్చాడు. ఇనుము కొవ్వుని తాగేస్తుంది. ఒకసారి తాగిందంటే ఇక వదలదు.

మాంసం కోసం నలభై కిలోమీటర్లు తిరిగిన పెద్దమనిషికి ఇంట్లో ఉన్న కుండ సంగతి గుర్తే లేదు!

చెప్పెయ్యాలి. ఇప్పుడే చెప్పెయ్యాలి. రెండుసార్లు లేచి రుగయా దగ్గరికి వెళ్లాడు.

“ఏంటి మామయ్యా?”

“ఏం లేదమ్మా. ఎండ తగులుతోందేమో, ఇటు జరుగు.”

చెబితే పిల్ల కూర ముట్టదు. పదిమందిలో చిన్నబోతుంది. గదీజా మళ్లీ జన్మలో పంపదు. ఇవన్నీ నిజమే. కానీ అసలు భయం ఇవేవీ కాదు, ఊళ్లో తన పరువు పోతుందని. ఆ సంగతి తనకే తెలుస్తూ ఉండటంతో ఇంకా సిగ్గేసింది. తేలు కుట్టిన దొంగలా నిప్పులు ఎగదోస్తూ కూర్చున్నాడు. కుండ కుతకుతలాడుతోంది. పిల్లలు పాటలు పాడుతున్నారు. అందరికన్నా గట్టిగా రుగయా పాడుతోంది.

మూడు గంటలు ఇట్టే గడిచిపోయాయి.

రూబెన్ మూత తీశాడు. వాసన గుప్పుమంది. “మొదటి పళ్లెం కొత్తమ్మాయికి!” అని అరిచారు పిల్లలు. రుగయా పళ్లెం చాపింది.

“జరగండి, అందరూ వెనక్కి జరగండి. నేను వడ్డిస్తా” అంటూ వచ్చాడు స్టోఫెల్. వస్తూ వస్తూ, కట్టె తట్టుకున్నట్టు తూలి, బూటు కాలితో కుండని తన్నాడు.

పదిమంది కూడూ బూడిదపాలైంది.

“అయ్యో మామయ్యా!”

“కాలు తట్టుకుందిరా…”

“అడుగున ఇంకా ఉంది!” రూబెన్ గరిటె పట్టుకుని వంగాడు. “నాలుగు ముక్కలున్నాయి. రుగయా, పళ్లెం పట్టు!”

స్టోఫెల్ గబుక్కున వంగాడు. పక్కనున్న బకెట్టు ఎత్తి నది నీళ్లు కుండలో గుమ్మరించాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్లు పొయ్యకూడదని ఆ పిల్లలకి నేర్పింది అతనే. ఠంగుమని పెద్ద చప్పుడైంది. అంచు నుంచి అడుగు దాకా కుండ రెండుగా చీలింది.

తర్వాత రొట్టె, జామ్ పంచిపెట్టాడు. పిల్లలు గొణుక్కుంటూ తిన్నారు. “మామయ్యకి కళ్లజోడు కొనిపెట్టాలి” అని రూబెన్ అంటే పడీపడీ నవ్వారు. ఆ ఆకలి ముఖాలు చూడలేక స్టోఫెల్ తన వాటా రొట్టె కూడా వాళ్లకే ఇచ్చేశాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. పోతే తన కుండ పోయింది, గదీజాకిచ్చిన మాట మాత్రం పోలేదు.

రుగయా రొట్టె ముట్టలేదు. పగిలిన కుండ పక్కన మోకాళ్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“ఛ, పాత ఇనప కుండకి ఏడుస్తారా ఎవరైనా? పోయింది నా కుండేగా తల్లీ. ఇంకోటి కొంటాలే.”

రుగయా చెంపలు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది.

“మీరు పంది కొవ్వు రాస్తుంటే మీ పెరటి గోడ మీంచి చూశాను మామయ్యా, చెబితే మీరు నొచ్చుకుంటారని పొద్దున బండిలోంచి మీ కుండ దించేసి, మా నానమ్మకి వాళ్లమ్మ ఇచ్చిన కుండ పెట్టాను.”