ఎర్రర్ లేని స్క్రీను

టక్... టక్... టక్...

కంప్యూటరు పెట్టెలోంచి ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా మంజుశ్రీ ఉలిక్కిపడుతోంది. తెరంతా నల్లగా ఉంది. మధ్యలో ఎర్రటి అక్షరాలు: ‘డిస్క్ రీడ్ ఎర్రర్’.

“ఇంగా ఎంతసేపప్పా? మాయమ్మ పొద్దున్నే పొయ్యింది. నీళ్ళు గూడా తీసకపోలేదు,” అన్నాడు ఆమె తండ్రి లింగప్ప.

అవ్వ ఎల్లక్కకు ఈమధ్య మతిమరుపు. భూమిని సోలార్ పార్కుకు లీజుకిచ్చిన సంగతి మరిచిపోయి, కలుపు తీయాలంటూ చెనక్కాయ చేనికి బయల్దేరుతుంది. ఆ చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. గట్టు లేదు, గుర్తు లేదు. ఏ వరుస చూసినా ఒకటే. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. రాయచెర్లు ఊరి మగవాళ్ళంతా బైకుల మీద వరుస వరుసా వెతుకుతున్నారు.

“పార్కులో కెమెరాలు తీసిందంతా మొదట డిస్కులోకి పోతాది. ఆడనుంచి చదివి స్క్రీను మీద చూపిస్తాది,” అన్నాడు పార్కు కంట్రోల్ రూం చూసుకునే భరత్‌కుమార్. “డిస్కు పాడయిండాది. చదవలేని చోటు వస్తే డ్రైవరు వదలదు. మళ్ళా మళ్ళా అదే చోట చదవమని పీడిస్తాండాది.”

“డ్రైవరా? యాడుండాడు వాడు? నేను మాట్లాడతా.”

“మనిషి కాదు లింగప్పన్నా, ప్రోగ్రాము. డిస్కును నడిపేది అదే.”

“అయితే దానికే చెప్పప్పా, మాయమ్మ ఎండలో ఉండాదని.”

మంజుశ్రీ గోడకు అతుక్కుపోయి నిలబడింది. కొత్తవాళ్ళ ముందు ఆ పిల్లకు నోరు పెగలదు. అవ్వను కనిపెట్టుకొని ఉండమని నాయన చెప్పింది తనకే.

టక్. టక్.

“ఇట్లయితే రేపటికీ కాదు.” భరత్‌కుమార్ గబగబా ఏవో మీటలు నొక్కాడు. “ఎర్రర్ వస్తే ఆగొద్దు, చెప్పొద్దు, అంతకుముందు చదివి ఉన్నదాంతోనే సాగిపో అని సెట్టింగు మార్చినా. ఇప్పుడు చూడు.”

ఎర్ర అక్షరాలు పోయాయి. చప్పుడు ఆగింది. తెర మీద గళ్ళు గళ్ళుగా బొమ్మలు వెలిగాయి.

“అదో... అదో మాయమ్మ.” లింగప్ప తెర మీద వేలు పెట్టి చూపించాడు.

‘తూర్పు గేటు’ అని రాసున్న గడిలో, పలకల కింద, స్తంభానికి ఆనుకొని, కొంగు నెత్తిన కప్పుకొని కూర్చుంది అవ్వ. తెర మూలన కంప్యూటరు గడియారంలో సెకన్లు నడుస్తున్నాయి.

“నీడలోనే ఉండాది. కునుకు తీస్తాండాది. ఇంగ భయం లేదన్నా.” భరత్‌కుమార్ ఫోను తీసి సెక్యూరిటీ తిప్పేశ్‌ను పిలిచాడు. “తిప్పేశా, ముసలామె తూర్పు గేటు కాడ కూచోనుండాది. నిదానంగా బండిలో పిల్చకరా. వెతికేవాళ్ళందర్నీ వెనక్కి రమ్మను, పాపం, ఎండకు చస్తాండారు.”

లింగప్ప కుర్చీలో కూలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “ఎంత భయపెడితివమ్మా. పలకల కింద ఏం కలుపు తీసినావో ఏమో.”

భరత్‌కుమార్ నవ్వాడు. లింగప్ప కూడా నవ్వాడు. మంజుశ్రీ మాత్రం తెర మీద అవ్వనే చూస్తూ ఉంది. అవ్వ మొండిది, నిద్రలో కూడా ఈగను తోలుకుంటుంది. ఇప్పుడు కొంగు కూడా కదలడం లేదు. గాలి లేదేమో అనుకుంది.

బయట బైకులు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్న చప్పుడు. ఆమె కిటికీలోంచి చూసింది. బైకుల వెనక కనుచూపు మేర పలకలు. పొద్దుతోపాటే తిరుగుతూ వచ్చి, ఒక్కటి తప్పకుండా పడమటికి వాలి ఉన్నాయి.

మంజుశ్రీ మళ్ళీ తెర వైపు తిరిగింది.

అందులో అవ్వ తలమీది పలకలు ఇంకా తూర్పు గేటు వైపే వాలి, పొద్దు పొడవడం కోసం చూస్తున్నాయి.